ఊఁ అన్న ముప్పై ఏడుగురు

కొండ మీది ఆరోగ్య కేంద్రం,
జూన్ 9

వదినా,

మేం క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టబోయాను. పెన్ను కదల్లేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్‌లో మాట గాలికి పోతుంది. కాగితం మీద రాసినది రేపు కాదనలేం, నువ్వైనా నేనైనా.

నిన్న మన లాయరమ్మ కబురు పెడితే కొండ దిగి వెళ్ళాను. దర్జీ కొట్టు పైన ఆవిడ గది తెలుసుగా, కింద మిషన్ తొక్కితే పైన బల్ల వణుకుతుంది. తోటల కంపెనీ వాళ్ళు విచారణలో వేసిన కాగితాలు చూపించింది. వాటిలో ఒకటి నీ నివేదిక. పన్నెండేళ్ళ కిందట నువ్వు టేప్ రికార్డరు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగితే వదినా అని వరస కలిపి నేను వెనకాల నీ మాట మా భాషలోకీ, మా వాళ్ళ మాట నీ భాషలోకీ మార్చి చెప్తూ తిరిగానే, అదే. నాకు సగం అర్థమయ్యే భాషలో ఉంది కాబట్టి ఆవిడే చదివి చెప్పింది. వాలు మీద పొలం దున్నే నలభై ఒక్క మంది ఆడవాళ్ళని అడిగితే, ఆ నేలని మగవాళ్ళ సంఘం పేరున రాసి బయటివాళ్ళకి ఇవ్వడానికి ముప్పై ఏడుగురు ఒప్పుకున్నారట. సంఘం కంపెనీకి ఇచ్చేసింది. ఆడవాళ్ళు సరేనన్నారు, ఇంకా గొడవేమిటి అని వాళ్ళ లాయరు అడుగుతున్నాడు.

ఆ ముప్పై ఏడుగురిలో మా అమ్మమ్మ ఉంది. పక్కింటికి చీపురు అరువిచ్చి సాయంత్రం దాకా గుమ్మంలో కాపలా కూర్చునే మనిషి, వాలంతా ఇచ్చేయమందా?

మూడు ప్రశ్నలు. ఈ నివేదిక వాళ్ళకి ఎవరిచ్చారు? ముప్పై ఏడు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ టేపులు ఎక్కడున్నాయి?

విచారణ అక్టోబరులో. ఓడితే వాలు పోతుంది, దాని మీద బతికే నలభై ఒక్క ఇళ్ళు రోడ్డున పడతాయి. అప్పుడు మాట మార్చి చెప్పిన నోరు నాదే కాబట్టి అందరూ నన్నే చూస్తున్నారు. తొందరగా రాయి.

నీ మరదలు


పరిశోధనా సంస్థ, మూడో అంతస్తు,
జూన్ 21

ప్రియమైన మరదలికి,

నీ ఉత్తరం అందింది. చదివి చాలా బాధపడ్డాను. నా పని ఇలా ఆడవాళ్ళకి వ్యతిరేకంగా వాడతారని ఊహించలేదు.

నివేదిక ఎవరూ ఇవ్వనక్కర్లేదు. అది మా గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉంటుంది, ఎవరైనా నకలు తీసుకోవచ్చు. ఇక ఆ అంకె విషయం. అది నా మొదటి అధ్యయనం. అప్పటి పద్ధతులకి పరిమితులుండేవి. పైగా ఒక భాషలో అడిగి, మరో భాషలో విని, ఇంకో భాషలో రాసినప్పుడు చిన్న చిన్న తేడాలు రావడం సహజం. అప్పుడు మీరు పంతొమ్మిదేళ్ళ అమ్మాయి, అనువాదంలో అనుభవం లేదు. అది తప్పని నేననను. ఎవరికైనా జరుగుతుంది.

టేపుల సంగతి కచ్చితంగా చెప్పలేను. సంస్థ ఈ భవనంలోకి మారినప్పుడు చాలా సామాను తడిసింది.

నీకొక్కదానికే చెబుతున్న మాట. మా పెద్దాయన పదవీ విరమణ చేస్తున్నారు. డైరెక్టరు పదవికి పరిశీలిస్తున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆదివాసీ మహిళల హక్కుల మీద పనిచేసిన మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదటిసారి అవుతుంది. అక్కడ కూర్చుంటే మీ వాలు లాంటివి ఎన్నో కాపాడొచ్చు. అందుకని ఎంపిక పూర్తయ్యేదాకా ఈ నివేదిక గురించి బయట మాట్లాడకుండా ఉంటే మంచిది.

అమ్మమ్మ ఆరోగ్యం జాగ్రత్త.

వదిన


కొండ మీది ఆరోగ్య కేంద్రం,
జూలై 4

వదినా,

పన్నెండేళ్ళలో నువ్వు నాకు టైపు కొట్టి ఉత్తరం పంపడం ఇదే మొదలు. అందులో ఒకచోట నన్ను ‘మీరు’ అన్నావు. నా పెళ్ళికి వచ్చి, నా జడ లాగి, మా ఆయన్ని ‘ఈ గయ్యాళిని ఎలా భరిస్తావయ్యా’ అని ఏడిపించిన నోటికి ఇంత మర్యాద ఎక్కడి నుంచి వచ్చింది? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ రాత.

టేపులు తడిసిపోయాయేమో అన్నావు. నీ ఉత్తరాలన్నీ నా దగ్గర టీకా మందులు వచ్చే థర్మాకోల్ పెట్టెలో ఉన్నాయి. తీసి చూశాను. నాలుగేళ్ళ కిందట నువ్వే రాశావు: ‘మన టేపులు నా గదిలో ఇనప బీరువాలో పెట్టుకున్నాను, చెమ్మ పీల్చే పొట్లాలు ఏటా మారుస్తున్నాను, అవి నా మొదటి బిడ్డలు’ అని. కొత్త భవనంలోకి మారింది ఆరేళ్ళ కిందట. అంటే నీ బిడ్డలు మునిగిపోయాక రెండేళ్ళకి మళ్ళీ బతికొచ్చి బీరువా ఎక్కారా?

నేను నిన్ను అనుమానిస్తున్నాను. దాచిపెట్టడం నాకు చేతకాదు, అందుకే చెప్పేస్తున్నాను.

కానీ అనువాదం అన్నావు చూడు, ఆ మాట పట్టుకుంది నన్ను. అమ్మమ్మ దగ్గర కూర్చుని అడిగాను.

“అప్పుడు ఆ టేపు పెట్టె పిల్ల వచ్చి అడిగినప్పుడు ఏం చెప్పావే?”

“ఊఁ అన్నా.”

“ఊఁ అన్నావా! ఎందుకన్నావు?”

“ఎదుటి మనిషి అంత సేపు మాట్లాడుతుంటే మొద్దులాగా కూర్చోమంటావా? వింటున్నానని ఊఁ అన్నా. ఒప్పుకుంటే ఆ మాట నా నోటితో నేనే తిప్పి చెప్పనూ? ఇస్తాను అని నేనన్నానా?”

ఇది నీకు తెలియనిదేం కాదు వదినా. మా వాళ్ళు కథ వింటూ ఊఁ కొడతారు, తిట్లు వింటూ ఊఁ కొడతారు, అబద్ధమని తెలిసీ ఊఁ కొడతారు. ఒప్పుకోవడమంటే ఎదుటివాళ్ళ మాటని తన మాటగా తిరిగి చెప్పాలి, అదీ మర్నాడు. ఒక పూట నిద్రపోయి లేచాక కూడా అదే అంటే అప్పుడు మాట అయినట్టు. మీ వాళ్ళలో మౌనం అర్ధాంగీకారం అంటారు. మౌనమే సగమైతే ఊఁ అనేసరికి పూర్తిగా అయిపోయిందనుకున్నావా? లేక నేనే ‘సరే అంటోంది’ అని నీకు చెప్పానా?

నాకు గుర్తు రావడం లేదు. రోజూ తూకం బల్ల దగ్గర నిలబడి గుర్తుచేసుకుంటున్నాను. నలభై ఒక్క ఇళ్ళు, ఎండ, నీ గొడుగు, అన్నీ గుర్తొస్తున్నాయి, నా నోట్లోంచి వచ్చిన మాటలు తప్ప. చదువుకున్న పిల్లనని గొప్ప కోసం కుదించి చెప్పానేమో. నేనే చెప్పి ఉంటే పాపం నాది, నిన్నంటే నాలుక చీల్చుకోవాలి.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. పోయిన వారం పరీక్షకి రావలసిన ఏడుగురు గర్భిణుల్లో ఇద్దరే వచ్చారు. మిగతావాళ్ళు కొండ దిగి పెద్దాసుపత్రికి నడిచి వెళ్తున్నారట, ఒకామెకి ఎనిమిదో నెల. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదని ఊరు తేల్చేసింది.

టేపులు విను వదినా. విని రాయి.

మరదలు


పరిశోధనా సంస్థ, మూడో అంతస్తు,
జూలై 23

మరదలికి,

నీ కోపం అర్థమైంది. టైపు కొట్టింది చేతిరాత బాగోదనే, ఇంకేం లేదు. ఇదిగో, చేత్తోనే రాస్తున్నాను.

టేపుల కోసం వెతికిస్తున్నాను. ఆ రోజు నువ్వు ఏం చెప్పావో, నేనేం విన్నానో నాకూ గుర్తు లేదు. పన్నెండేళ్ళయింది.

ఒక మార్గం ఆలోచించాను, శాంతంగా చదువు. అప్పటి అనువాదంలో పొరపాటు జరిగిందని, ‘ఊఁ’ని ‘సరే’ అని చెప్పానని నువ్వు ఒక ప్రమాణ పత్రం ఇస్తే నివేదిక తనంతట తానే వీగిపోతుంది. వాలు దక్కుతుంది. చిన్న వయసులో చేసిన పొరపాటుకి నిన్నెవరూ ఏమీ అనరు. నా వైపు నుంచి కూడా ఆ తేడా నిజమేనని ధ్రువీకరిస్తూ నాలుగు ముక్కలు రాసిస్తాను. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు.

ఎంపిక సంఘం నవంబరులో కూర్చుంటుంది. నీ మేలు మరచిపోను.

వదిన


కొండ మీది ఆరోగ్య కేంద్రం,
ఆగస్టు 12

వదినా,

పత్రం తయారైంది. లాయరమ్మ రాసి నా ముందు పెట్టింది. ‘నేను తప్పుగా చెప్పాను’ అని మొదటి వాక్యంలోనే ఉంది. ఆవిడే అంది, “ఆలోచించుకోండమ్మా, ఇది ఒకసారి ఇస్తే వెనక్కి రాదు” అని.

ఎవరికీ నష్టం లేదన్నావు. మా పైడాక్టరు గారికి విషయం చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత అన్నారు: “ఊరివాళ్ళ మాట తప్పుగా చెప్పానని మీరే రాసిస్తే, రేపు మందు ఎలా వాడాలో మీరు చెప్పినా వాళ్ళు నమ్మరు. నేను మిమ్మల్ని ఇక్కడ ఉంచలేను.” కోపంగా అనలేదు. అందుకే ఇంకా కష్టమనిపించింది.

అయినా సంతకం పెడతాను. ఉద్యోగం ఒకటి, ఇళ్ళు నలభై ఒకటి. ఈ లెక్కకి నీ చదువు అక్కర్లేదు. ఈ నర్సు ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరం రాసిందీ నువ్వే. మా ఇంటి కాగితంలో మా ఆయన పక్కన నా పేరు కూడా ఎక్కించమని ఆఫీసులో పోట్లాడినప్పుడు నీ పుస్తకం బల్ల మీద పెట్టే గెలిచాను. అవన్నీ మరచిపోయేంత విశ్వాసం లేనిదాన్ని కాదు.

కానీ నీ పోయిన ఉత్తరం రోజూ తీసి చూస్తున్నాను. ‘నాకూ గుర్తు లేదు’ అన్నచోట నీ పెన్ను ఆగింది. ‘నాకూ’ తరవాత ఒక సిరా చుక్క, ‘గుర్తు’ తరవాత ఇంకోటి. మిగతా ఉత్తరమంతా నీళ్ళలా సాగిపోయింది. ఇంకోటి. టేపులు వెతికిస్తున్నానన్నావు. ఎవరి చేత? ఆ బీరువా తాళం నీ మెడలో గొలుసుకి ఉంటుంది, నా పెళ్ళిలో అందరూ అదేం నగ అని అడిగారు.

వచ్చే నెల పదో తారీఖున సంతకం. ఈలోగా ఒక్క వాక్యం రాసి పంపు: ‘నేను టేపులు వినలేదు’ అని. ఆ ఒక్క వాక్యం నీ చేతిరాతతో ఉంటే నేను కళ్ళు మూసుకుని సంతకం పెట్టేస్తాను. తప్పు నాదేనని నమ్మేస్తాను, మళ్ళీ ఎప్పుడూ ఎత్తను.

మరదలు


ఇల్లు,
ఆగస్టు 27

మరదలు పిల్లా,

సంతకం పెట్టకు.

ఆ ఒక్క వాక్యం రాయడానికి మూడు రోజులు కూర్చున్నాను. రాయలేకపోయాను. నేను టేపులు విన్నాను. నీ మొదటి ఉత్తరం అందిన సాయంత్రమే విన్నాను. ఆ తరవాతే నీకు టైపు కొట్టి ఉత్తరం రాశాను.

పంతొమ్మిదో టేపు మీ అమ్మమ్మది. రీలు వదులైతే పెన్సిల్ దూర్చి తిప్పి బిగించాను. మొదట కోళ్ళ అరుపు, తరవాత నా ప్రశ్న, నువ్వు మీ భాషలోకి మార్చి చెప్పడం. ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పావు. అమ్మమ్మ ఊఁ అంది. ఆ తరవాత నువ్వు నాతో అన్న మాటలు ఇవి, ఉన్నవి ఉన్నట్టు దించాను:

“వదినా, ఊఁ అంటే ఒప్పుకున్నట్టు కాదు. వింటోంది, అంతే. ఒప్పుకుంటే తనే ఆ మాట తిప్పి చెప్తుంది. రేపు మళ్ళీ వచ్చి అడుగుదాం.”

“రేపటిదాకా ఉంటే బస్సు తప్పిపోతుంది అమ్మాయ్. నా కాగితంలో అవును, కాదు, రెండే గడులున్నాయి. విన్నాను అనే గడి లేదు. అవును అని వేసేస్తాలే.”

మళ్ళీ కోళ్ళు. తరవాత నీ గొంతు: “నీ ఇష్టం. చదువుకున్నదానివి.”

అదీ జరిగింది. నువ్వు తప్పు చెప్పలేదు. నాకు అర్థం కాకపోవడమూ జరగలేదు. అర్థమయ్యే వేశాను. అమ్మమ్మ దగ్గర ఒకసారి వేశాక, అంతకు ముందు విన్న ఊఁలనీ అదే గడిలో వేసుకున్నాను. మిగతావాళ్ళ దగ్గర నువ్వు మళ్ళీ చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు. నలుగురు మాత్రం వద్దని గట్టిగా అరిచారు కాబట్టి వాళ్ళు కాదు గడిలోకి వెళ్ళారు. మిగిలినవి ముప్పై ఏడు ఊఁలు.

ఆ నివేదికని అందరూ మెచ్చుకున్నారు. జవాబుల్లో ఇంత స్పష్టత ఎక్కడా చూడలేదన్నారు. దాని మీదే ఉద్యోగం వచ్చింది. ఆ తరవాత ఎన్ని చోట్ల నిలబడి వాదించానో నీకు తెలుసు, ఆడవాళ్ళని విడిగా, వాళ్ళ భాషలో, వాళ్ళ పద్ధతిలో అడగనిదే ఏ సమ్మతీ చెల్లదని. ఆ వాదనలో ఒక్క అబద్ధం లేదు. దాన్ని నాకు నేర్పింది నువ్వు, ఆ మధ్యాహ్నం, ఆ గుమ్మంలో. నేర్చుకున్నదాన్ని ఊరంతా చెప్పాను, నేర్చుకున్న చోట మాత్రం పాటించలేదు. పన్నెండేళ్ళలో ఎన్నోసార్లు ఆ బీరువా తెరిచి పొట్లాలు మార్చాను, ఒక్కసారీ ఆ టేపు పెట్టి వినలేదు. ఏముంటుందో తెలుసు కాబట్టే.

నీ మీదకి తోసేద్దామనుకున్నాను. ఇది అక్షరాలా అలాగే రాస్తున్నాను, అందంగా మార్చి రాయను. కుర్చీ దక్కితే మీకందరికీ మేలు చేస్తానని నాకు నేనే కథ చెప్పుకున్నాను. ఎనిమిదో నెల గర్భిణి కొండ దిగి నడిచి వెళ్తోందని నువ్వు రాశాక కూడా ఆ ప్రమాణ పత్రం సలహా ఇచ్చాను. సిగ్గుగా ఉంది. ఇంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

పంతొమ్మిదో టేపు ఈ ఉత్తరంతో వస్తోంది. కాపీ తీయలేదు. తీస్తే అసలుది నా దగ్గరే ఉంచుకోవాలనిపిస్తుందని భయం. మిగతా నలభై టేపులు రేపు మీ లాయరమ్మ పేరున బయల్దేరతాయి. విచారణ అధికారికి ఉత్తరం రాశాను, నా నివేదికలో ఆ అంకె తప్పనీ, పొరపాటున కాక తెలిసే వేశాననీ. దాని నకలు ఎంపిక సంఘానికీ పంపాను. పెద్దాయన పిలిచి, “పొరపాటున అని రాస్తే సరిపోయేది కదమ్మా” అన్నారు. సరిపోదని చెప్పాను.

క్షమించమని అడగడానికి మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ వదిన


కొండ మీది ఆరోగ్య కేంద్రం,
అక్టోబరు 30

వదినా,

విచారణ అయింది. లాయరమ్మ ఎక్కడో పాత టేప్ రికార్డరు సంపాదించింది. అధికారి బల్ల మీద పెట్టి తిప్పితే ముందు కోళ్ళే అరిచాయి, అందరూ నవ్వారు. తరవాత ఎవరూ నవ్వలేదు. అమ్మమ్మ ముందు వరసలో కూర్చుంది. తన గొంతు విని “ఇదెవరే, ఇంత గట్టిగా ఊఁ కొడుతోంది” అంది.

కంపెనీ లాయరు లేచి నిన్ను అబద్ధాలకోరన్నాడు. అప్పుడు అబద్ధమాడిందో ఇప్పుడు ఆడుతోందో ఎవరికి తెలుసన్నాడు. లాయరమ్మ నావైపు చూసింది, ఏమైనా అంటానేమోనని. నేను అడ్డు చెప్పలేదు. నీ తరఫున లేవాలని కాళ్ళు అన్నాయి, కూర్చోమని నేనన్నాను.

నీ నివేదిక చెల్లదని అధికారి రాశాడు. నలభై ఒక్క మందినీ విడివిడిగా, రెండు రోజుల తేడాతో రెండుసార్లు అడిగించాలి, అడిగేది ఆడవాళ్ళే అయి ఉండాలి. అప్పటిదాకా వాలు మీద ఒక్క గుంట తవ్వడానికి వీల్లేదు. గెలిచామని కాదు. పోలేదు, అంతే. నలభై ఒక్క మందిలో ముగ్గురు ఇప్పుడు లేరు. వాళ్ళ కోడళ్ళని అడుగుతారట.

డైరెక్టరు కుర్చీ నవంబరు దాకా కూడా ఆగలేదని, అప్పుడే వేరేవాళ్ళకి ఖాయమైపోయిందని లాయరమ్మ చెప్పింది. నువ్వు రాయలేదు. ఇంకా దాచే అలవాటు పోలేదన్నమాట.

నా సంగతి చెబుతాను. నీ అనువాదం ఉత్తరం వచ్చిన రోజు నుంచి నా నోటిని నేను నమ్మడం మానేశాను. ‘రోజుకి రెండు మాత్రలు’ అని చెప్పి, మనిషి గుమ్మం దాటాక పరుగెత్తి ఆపి, చీటీ తీసుకుని మళ్ళీ చూసేదాన్ని. నా పిల్లకి కథ చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. నిన్ను అనుమానించాను, నిజమే, కానీ నిన్ను అనుమానించినందుకు రోజూ నన్నే తిట్టుకున్నాను. ఆ టేపులో పంతొమ్మిదేళ్ళ నన్ను విన్నాను. ఎంత తేటగా చెప్పానో! ఆ పిల్ల మాట వింటే ముద్దొచ్చింది. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఎనిమిదో నెల ఆవిడ పెద్దాసుపత్రిలోనే కనింది. అప్పుడు ఆవిడతో కొండ దిగి నడిచి వెళ్ళిన ఇంకొకామెకి మాత్రం మొన్న ఇక్కడే కాన్పయింది, నా చేతుల మీద. ఆడపిల్ల. మిగతావాళ్ళూ వస్తున్నారు.

నా నోరు నా దగ్గర లాక్కున్నదీ నువ్వే, తిరిగి ఇచ్చిందీ నువ్వే. కృతజ్ఞత చెప్పాలో తిట్టాలో తేలక ఇన్ని వారాలు రాయలేదు. ఇవాళ పొద్దున్న తేలింది. తిట్టాలి. నాలుగు కాగితాలు తిట్లు రాసి చూసుకున్నాను, సగం కూడా రాలేదు. చించేశాను.

ఉత్తరంలో పట్టవు వదినా. మనిషివి రా.

మరదలు